కిటికీ దగ్గర చూడని పన్ను

మార్చి 3, సోమవారం

ఇవాళ నాలుగు అకౌంట్లు తీసేశాను. ఒకటేమో నిజంగానే వెళ్ళిపోతున్నావా అని అడిగింది. ఇంకోటి ముప్పై రోజుల్లోపు మనసు మార్చుకుంటే అన్నీ ఎక్కడివక్కడే ఉంచుతానంది. ఈ ఇంట్లో ఎవరూ నన్ను ఇంతగా బతిమాలిన పాపాన పోలేదు.

కారణం ఎవరికీ చెప్పుకోలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. కారణం ఒక బెంచీ.

మా బాల్కనీలో చెక్క బెంచీ ఉండేది. ఒక కాలు పొట్టి. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి ఆరేళ్ళు వాడాను. కిందటేడాది మా తోడికోడలు వచ్చి, అక్కా, నీకు అక్కర్లేకపోతే నేను పట్టుకెళ్తానంది. పట్టుకుపో తల్లీ, అడ్డం వదులుతుంది అన్నాను. నా నోటితో నేనే అన్నాను. ఆవిడగారు దాన్ని అరగదీసి, ఆకుపచ్చ రంగు వేసి, పక్కన ఒక మొక్క పెట్టి, దాని మీద కూర్చుని నవ్వుతూ మొన్న శనివారం ఫోటో పెట్టింది. తొమ్మిది వేల లైకులు. పాతవాటిలో కూడా అందం వెతుక్కోవాలని కింద ఒక ముక్క. ఎవరి పాతది? ఆ మాట ఎక్కడైనా ఉందా? లేదు.

ఆ తొమ్మిది వేల మందిలో మా ఆయన ఒకరు. వేలు నొప్పి పుట్టేదాకా లిస్టు తోసి తోసి పట్టుకున్నాను. నా పుట్టినరోజు ఫోటోకి లైక్ కొట్టని మనిషి నా బెంచీకి కొట్టారు.

నేను ఏం పెట్టినా ఎక్కువలో ఎక్కువ పదకొండు. అందులో ఒకటి నాదే, ఇంకో అకౌంట్ నుంచి.

చాలు. కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఎంతకాలం బతకను? చూస్తేనే కదా ఈ మంట. ఇక చూడను.

మార్చి 4, మంగళవారం, ఉదయం 7

పళ్ళు తోముకుంటూ ఎడమచేతి బొటనవేలు గాల్లో ఆడించాను. చేతిలో ఫోన్ లేదు.

మార్చి 6, గురువారం

ఈ పుస్తకంలో మా తోడికోడలి పేరు రాయను. ముప్పైరెండు అని రాస్తాను. నవ్విందంటే ముప్పైరెండు పళ్ళూ కనపడతాయి. నిజానికి పైన పది, కింద ఆరు కనపడతాయి, మిగతావి ఉన్నాయని నమ్మిస్తుంది. ఊరికే అనడం లేదు, లెక్కపెట్టాను. పళ్ళు చెయ్యడమే నా పని.

పద్నాలుగేళ్ళుగా ఈ ల్యాబ్‌లో ఉన్నాను. కింద స్టేషనరీ షాపు, పైన మేం. క్లినిక్‌ల నుంచి రోగుల పళ్ళ అచ్చులు వస్తాయి, మేం పంటి మీద తొడిగే క్యాప్‌లు చేసి పంపుతాం. డాక్టర్లకి పేరొస్తుంది. ఆ పేషెంట్ నవ్వితే ఫోటో తీసినవాడికీ పేరొస్తుంది. పన్ను చేసినదాన్ని ఎవరైనా అడిగారా?

ముప్పైరెండు ఏం చేస్తుంది? ఇల్లు సర్దుతుంది. సర్దిన ఇల్లు ఫోటో తీయించుకుంటుంది. తీసేది మా మరిది. రెండేళ్ళ కిందట ఉన్న ఉద్యోగం మానేసి కెమెరా పట్టుకున్నాడు. నలభై వేల మంది చూస్తారట. ఒక ఫోటోలో అతను ఆమె హ్యాండ్‌బ్యాగ్ భుజాన తగిలించుకుని నిలబడ్డాడు. మా ఆయన్ని నా బ్యాగ్ ఏ రంగో చెప్పమనండి చూద్దాం.

నేను చూడడం మానేస్తే మాత్రం అత్తయ్య ఊరుకుంటారా? మా దగ్గరే ఉంటారు, చిన్నకోడలి పేజీలోనే బతుకుతారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టి, చిన్నది ఏం పెట్టిందో చూశావా అంటారు. నేను అన్నీ మానేశానండీ అన్నాను. పోనీలే, నా దాంట్లో చూడు అన్నారు.

మార్చి 9, ఆదివారం

అబద్ధం రాశాను. ఉన్నవి నాలుగు కాదు, అయిదు. అయిదోది పేరులేని అకౌంట్, పిల్లి ఫోటో పెట్టి తెరిచాను. అది ఇంకా ఉంది. ముప్పైరెండు స్టోరీ పెట్టిన నిమిషంలో పిల్లి చూసేస్తుంది. ఈ వారంలో పిల్లి ఇరవైమూడు స్టోరీలు చూసింది.

నా డైరీలో నాకే అబద్ధం చెప్పుకున్నానంటే, ఛీ, నా మొహం.

మార్చి 12, బుధవారం

పిల్లిని తీసేశాను.

మార్చి 15, శనివారం

చూడకపోతే చల్లబడతాననుకున్నాను. ఎక్కడ? ఇప్పుడు ఊహించుకుంటున్నాను. ఊహలో ఆమె ఇల్లు ఇంకా పెద్దది, మొక్కలు ఇంకా పచ్చగా ఉన్నాయి, మరిది రెండు బ్యాగులు మోస్తున్నాడు. ఫోటోకైతే ఒక అంచు ఉంటుంది. ఊహకి అదీ లేదు.

సాయంత్రం అత్తయ్య కొత్త వార్త చెప్పారు. చిన్నది ఈ మధ్య పెదాలు మూసుకుని నవ్వుతోందట. అదీ ఎంత హుందాగా ఉందో అట. ఆవిడకి ముప్పైరెండు ఏడ్చినా హుందాగానే ఉంటుంది.

మార్చి 17, సోమవారం, మధ్యాహ్నం 1.20

అన్నం డబ్బా పక్కకి తోసి రాస్తున్నాను. రాసేస్తేగానీ పని చెయ్యలేను.

పొద్దున క్లినిక్ నుంచి వచ్చిన వాటిలో ఒక అచ్చు. స్లిప్పు మీద మామూలుగానే నంబరు, స్త్రీ, ముప్పై ఒక్కేళ్ళు, పైవరసలో ముందు పన్ను, ఎడమది, విరిగింది, క్యాప్ కావాలి. పేర్లు మా దాకా రావు. ప్లాస్టర్ పోశాను. గట్టిపడ్డాక విప్పి, చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. కుడివైపు కోరపన్ను కాస్త పక్కకి తిరిగి ఉంది. దాని పక్క పన్ను అంచులో నూకంత చెక్కు.

ఆ చెక్కు నాకు తెలుసు. రెండువేళ్ళతో ఎన్నిసార్లు జూమ్ చేశానో లెక్కలేదు. మొహం దాచేసి పళ్ళవరస ఒక్కటే ఇచ్చినా గుర్తుపడతాను. కట్టుకున్నవాడు కూడా నా అంత బాగా గుర్తుపట్టలేడు.

ముప్పైరెండు నా అరచేతిలో ఉంది.

దవడ పళ్ళు కూడా చూశాను. అరిగిపోయి, ఇస్త్రీ పెట్టినట్టు చదునుగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి అలా అవుతుంది. అరవై ఏళ్ళ మనిషి పళ్ళలా ఉన్నాయి. చూసి పక్కన పెట్టాను. నేనూ కొరుకుతాను, నా మీద ఎవరు జాలిపడ్డారు?

మార్చి 18, మంగళవారం

మా ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. వెనక పళ్ళ సంగతి వేరు, ముందు పన్ను మాత్రం కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళకుండా గుమ్మం దాటదు. పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య, ఎండ నేరుగా పడని ఆ ఉత్తరం కిటికీ దగ్గర, ఇద్దరు చూడాలి. చేసినవాళ్ళు, ఆ తర్వాత ల్యాబ్ యజమాని మా మాస్టారు. ట్యూబ్‌లైట్ కింద ప్రతి పన్నూ బాగానే ఉంటుంది, దాన్ని నమ్మకూడదంటారు ఆయన. ల్యాబ్ పెట్టిన రోజు నుంచీ అదే నియమం.

రెండేళ్ళ కిందట మాస్టారి కళ్ళకి పొర వచ్చింది. ఆపరేషన్ అంటే భయం, వాయిదా వేస్తూ వస్తున్నారు. ఇప్పుడు ఆయన కిటికీ దగ్గర నిలబడి, చూస్తున్నట్టు చూసి, నావైపు తిరుగుతారు. నేను సరేనంటే స్లిప్పు మీద టిక్కు పెడతారు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

అలమరా కింది అరలో పాత పింగాణీ పౌడర్ డబ్బా ఒకటుంది. కొత్తగా చేరినవాళ్ళు చెయ్యి తిరగడానికి వాడతారు. దాంతో చేసిన పన్ను గదిలో చూస్తే ఏ తేడా ఉండదు. ఎండ వెలుతురులోనో కెమెరా లైటులోనో చూడాలి. పక్కన పళ్ళన్నీ వెలుగుతాయి, అది వెలగదు. బూడిదరంగులో మొండికేసి నిలబడుతుంది.

డబ్బా ఉందని మాత్రమే రాశాను. ఇంకేం అనలేదు.

మార్చి 19, బుధవారం

చేశాను.

పద్నాలుగేళ్ళలో ఏ పన్నూ ఇంత శ్రద్ధగా చెయ్యలేదు. వంపు, అంచు, పన్ను మీద ఉండే సన్నటి నిలువు గీతలు, అన్నీ అచ్చం పక్కదానిలాగే వచ్చాయి. పొడి ఒక్కటే వేరు. మధ్యాహ్నం మూడింటికి మాస్టారి బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గర పొద్దునే చూసేశాను, బాగుంది అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. నువ్వు చూస్తే నేను చూసినట్టే కదమ్మా అన్నారు. టిక్కు పెట్టారు. గీత స్లిప్పు దాటి బల్ల మీదకి పోయింది.

ఇంటికొచ్చాక ఎంతసేపు చేతులు కడిగినా పొడి పోయినట్టు అనిపించలేదు. అయినా లోపల ఎక్కడో హాయిగా ఉంది. బెంచీ మీద కూర్చుని నవ్వుకో ఇప్పుడు.

మార్చి 24, సోమవారం

ఈపాటికి క్యాప్ అంటించేసి ఉంటారు. ఎలా ఉందో చూడ్డానికి నాకు ఒక్క అకౌంట్ లేదు. ఇంత చేసి, చివరికి నా ఖర్మ.

మార్చి 28, శుక్రవారం

అయిదు రోజులుగా చిన్నది ఏమీ పెట్టలేదట. అత్తయ్యకి అన్నం సహించడం లేదు. ఫోన్ పాడైందేమో కనుక్కోమని ఆయన్ని సతాయించారు. ఆయన తమ్ముడికి ఫోన్ చేస్తే, పన్నులో ఏదో తేడా వచ్చింది, రింగ్ లైట్ వేస్తే నల్లగా పడుతోంది, నోరు తెరిస్తే వీడియో పనికిరావడం లేదని అతను విసుక్కున్నాడట. క్లినిక్‌లో చూసుకున్నప్పుడు బాగానే ఉందట. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదేమోనని ఆయన అనుమానం.

నేను పక్కగదిలో బట్టలు మడత పెడుతూ విన్నాను. సంతోషం వేసింది. ఛీ అనిపించింది. ఛీ అనిపించాక కూడా సంతోషంగానే ఉంది.

ఏప్రిల్ 2, బుధవారం

స్లిప్పు తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర ఇంకుతో షేడ్ తేడా, మళ్ళీ చెయ్యాలి, పేషెంట్‌ని ల్యాబ్‌కే పంపుతాం, ఎదురుగా చూసి రంగు కలపండి అని రాసి ఉంది.

మాస్టారు భూతద్దం పెట్టి చదువుకున్నారు. రెండుసార్లు. తన టిక్కు మీద వేలు పెట్టి రుద్దారు. నేను నోరు తెరిచేలోపలే డాక్టర్‌కి ఫోన్ చేసి, తప్పు తన కళ్ళదేనని, ఆ అమ్మాయి బాగానే చేసి ఉంటుందని, తనే సరిగ్గా చూడలేదని చెప్పేశారు. ఆ అమ్మాయి అంటే నేనే. తేలు కుట్టిన దొంగలా బ్రష్ పట్టుకుని నిలబడ్డాను.

ఏప్రిల్ 3, గురువారం

మాస్టారు తన స్టూలు కిటికీ దగ్గర నుంచి తీసి తలుపు పక్కన వేసుకున్నారు. ఇక ముందు పళ్ళు ఒప్పుకోనని క్లినిక్‌లకి చెప్పేస్తారట. కళ్ళు లేనివాడు ముందు పళ్ళ జోలికి పోవడం మోసం అంటున్నారు. మోసం అన్న మాట ఆయన నోట విన్నాక ఆ అలమరావైపు చూడలేకపోయాను.

ఇప్పుడు చెప్పాలి. టీ తాగాక చెబుదామనుకున్నాను. టీ అయిపోయింది. అచ్చు ఆరాక చెబుదామనుకున్నాను. అదీ ఆరింది.

ఏప్రిల్ 5, శనివారం

చెప్పేశాను.

పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు. పాత డబ్బా తీసి ఆయన ముందు పెట్టి, దీంతో చేశాను, కావాలనే చేశాను, మీ కళ్ళు కాదు మాస్టారూ, నా కుళ్ళు అన్నాను. ఆ పేషెంట్ మా తోడికోడలు అని కూడా చెప్పాను. బెంచీ గురించి కూడా చెప్పబోయి ఆగిపోయాను. పగలు వెలుతురులో, ఒక పెద్దమనిషి ముందు, ఆ బెంచీ ఎంత చిన్న సంగతో అప్పుడే అర్థమైంది.

ఎందుకు చేశావని ఆయన అడగలేదు. డబ్బా మూత తీసి వాసన చూసి, మూత పెట్టారు. ఒక్కటే అడిగారు, కిటికీ దగ్గర చూశానని చెప్పావు కదా, చూడలేదా అని. లేదన్నాను. అప్పుడు మొహం తిప్పుకున్నారు. ఆయన లెక్కలో నేను చేసిన తప్పు అదన్నమాట.

లేచి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కుని వచ్చి తీర్పు చెప్పారు. ఈ ఒక్క పన్నూ సరిగ్గా చేసిచ్చాక, సంవత్సరం పాటు నేను ముందు పళ్ళు ముట్టుకోకూడదు. వెనక పళ్ళే. డాక్టర్‌కి ఆయన నిజం చెబుతారు. పేషెంట్‌కి మాత్రం నేనే చెప్పాలి, రంగు చూసేటప్పుడు, ఆ కిటికీ దగ్గరే.

సాయంత్రం వెళ్ళేముందు ఆపరేషన్‌కి తేదీ తీసుకున్నారు. తన కళ్ళు సరిగ్గా ఉంటే నా ఆటలు సాగేవి కావట. నా ముందే ఫోన్‌లో అన్నారు. అనాల్సిందే.

ఏప్రిల్ 7, సోమవారం

రేపు వస్తుందట. ఆమె ముందు నిలబడి నీ మీద కుళ్ళుకున్నాను అని చెప్పడం కంటే నా పళ్ళు నాలుగు పీకించుకోవడం తేలిక.

ఏప్రిల్ 8, మంగళవారం, సాయంత్రం 5

పదిన్నరకి వచ్చింది. ఒక్కతే వచ్చింది. మరిది కింద కూడా లేడు.

కిటికీ దగ్గర కుర్చీ వేశాను. రంగుల పలక, అదే షేడ్ గైడ్, తీసి, దానికున్న ఒక్కో నమూనా పన్నూ ఆమె పెదవి దగ్గర పెట్టి చూడాలి. అంటే మొహానికి జానెడు దూరంలో నిలబడాలి. పదేళ్ళ చుట్టరికంలో అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కళ్ళ కింద నల్లగా ఉంది. చెంప మీద చిన్న మచ్చ ఉంది, ఫోటోల్లో ఎప్పుడూ కనపడలేదు. నేను చేసిన పన్ను మధ్యలో బూడిదరంగులో నిలబడి ఉంది. నేననుకున్నదానికంటే అసహ్యంగా ఉంది.

చెప్పడం మొదలుపెట్టాను. నీ పన్ను అని అన్నానో లేదో, నాకు తెలుసక్కా అంది.

కిందటి వారం క్లినిక్‌లో ల్యాబ్ పేరు చెప్పగానే తెలిసిపోయిందట. ఎవరితో మాట్లాడినా నువ్వు వాళ్ళ కళ్ళు చూడవు, పళ్ళు చూస్తావు, అలాంటిదానికి రంగు తప్పడమా అంది. ఇంకా, ఆ పిల్లి కూడా నువ్వే కదా అంది. ప్రతి స్టోరీ అందరికంటే ముందు చూసేది పిల్లి ఒక్కతేనట. పిల్లి కనపడకుండా పోయాక వారం రోజులు దిగులుగా అనిపించిందట. నా చేతిలో రంగుల పలక కింద పడింది.

ఏడ్చిందట, మొదటిరోజు. నన్ను తిట్టుకుందట. ఏమని తిట్టుకుందో కూడా చెప్పింది, అది రాయను. న్యాయంగానే ఉంది.

ఎందుకు చేశావని అడిగింది. బెంచీ అన్నాను. అర్థం కాలేదు. చెప్పాను. తొమ్మిది వేలు, నా పేరు లేకపోవడం, మా ఆయన లైకు, మరిది మోసిన హ్యాండ్‌బ్యాగ్, అన్నీ కక్కేశాను. నోరు తెరుచుకుని వింది. ఆ ముందు పన్ను మొత్తం కనపడేలా తెరుచుకుని మరీ వింది. నీ మీద కుళ్ళు నాకు, నీ నవ్వు చూస్తే ఒళ్ళు మండుతుంది అన్నాను. తలుపు పక్కన మాస్టారు అచ్చులు సర్దుతున్నట్టు నటిస్తున్నారు.

బెంచీ ఫోటో కింద నీ పేరు రాశాను, మీ మరిది తీసేశాడు అంది. పేరుంటే మన సొంత పని అనిపించదన్నాడట.

తర్వాత బ్యాగ్ సంగతి చెప్పింది. ఆ ఒక్క ఫోటోకి నలభై నిమిషాలు పట్టిందట. అయ్యాక అతను బ్యాగ్ నేల మీద పడేసి పోయాడట. రోజుకి మూడు పోస్టులు, ఒక్కో నవ్వుకి ముప్పై సార్లు. నవ్వి నవ్వి దవడ లాగేసేదట. తెల్లారి లేచేసరికి నోరంతా నొప్పిగా ఉండేదట. పన్ను ఎలా విరిగిందో కూడా చెప్పింది. ఏదో పార్శిల్ విప్పే వీడియో. సరదాగా ఉంటుంది, టేపు పంటితో కొరుకు అన్నాడట మరిది. కొరికింది. ఫోకస్ సరిగా రాలేదు, ఇంకోసారి అన్నాడట. ఇంకోసారి కొరికినప్పుడు విరిగింది. ఈసారి ఫోకస్ బాగా వచ్చిందట. అది పెడదామా వద్దా అని సాయంత్రం దాకా ఆలోచించాడట.

ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నాకు దవడ పళ్ళు గుర్తొచ్చాయి. చూసి పక్కన పెట్టానే, అవి.

సరే, ఇప్పుడు రంగు చూస్తాను, ఈసారి సరిగ్గా చేస్తానని పలక తీసుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. అక్కా, పన్ను చేసి ఉంచు గానీ అప్పుడే క్లినిక్‌కి పంపకు అంది. ఎందుకన్నాను. ఈ పన్ను వచ్చినప్పటి నుంచి కెమెరా మూలన పడిందట. పక్షం రోజులుగా ఇల్లు సర్దలేదట. సోఫా మీద బట్టలు అలాగే ఉన్నాయట. మరిది ఉద్యోగం కోసం పాత ఆఫీసులో మనుషులకి ఫోన్లు చేస్తున్నాడట. మానేస్తానని తను ఎన్నిసార్లు అడిగినా వినని మనిషి, ఈ పన్ను చూసి నోరు మూసుకున్నాడట. రాత్రిళ్ళు దవడ నొప్పి లేకుండా నిద్రపోతోందట.

కోపం పోయిందనుకోకు, నీ మీద కోపం అలాగే ఉంది అని కూడా అంది. నన్ను రంగు చూడనిచ్చాక లేచి నిలబడి, కిటికీ అద్దంలో పన్ను చూసుకుని, వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 9, బుధవారం

నిజం రాయాలంటే ఇవాళ ఇంకా కుళ్ళుగా ఉంది.

నేను ఒక్కో అకౌంట్ తీసేసి, రోజులు లెక్కపెట్టుకుని, బొటనవేలిని అదుపులో పెట్టుకోలేక చచ్చాను. ఆవిడగారికి మానెయ్యడం కూడా సుళువుగా వచ్చింది! అదీ నేను చేసిన పన్నుతో! నలభై వేల మంది ఎదురుచూస్తుంటే సోఫా మీద బట్టలు పడేసి నిద్రపోతోంది. నేను మానేశానని ఒక్కరు గమనించారా?

రాత్రి అన్నాల దగ్గర ఆయన్ని అడిగేశాను, ఆ బెంచీకి లైక్ ఎందుకు కొట్టారని. మన బెంచీ కదా అని కొట్టాను, పొట్టికాలు చూడగానే గుర్తుపట్టాను అన్నారు. ఆ తర్వాత, ఈమధ్య నీ చేతిలో ఫోన్ కనపడటం లేదేం, పోయిందా అన్నారు.

గమనించారన్నమాట. నెల దాటాక.

ఏప్రిల్ 14, సోమవారం

పన్ను అయింది. కిటికీ దగ్గర మూడు రోజులు చూశాను. మాస్టారిని పక్కన నిలబెట్టి, ఏం కనపడుతోందో ఏం కనపడటం లేదో ఆయనకి నోటితో చెప్పాను. అంచు దగ్గర కాస్త నీలం, మధ్యలో పాలమీగడ, చిగురు దగ్గర పసుపు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. టిక్కు నన్నే పెట్టమన్నారు.

ఆమెకి ఫోన్ చేశాను. నీ దగ్గరే ఉంచు అక్కా, కావాలనిపించినప్పుడు అడుగుతాను అంది. చిన్న డబ్బాలో దూది వేసి, దాని మీద పెట్టి, నా బల్ల సొరుగులో దాచాను. రేపటి నుంచి వెనక పళ్ళు.

ఏప్రిల్ 27, ఆదివారం

ముప్పైరెండు ఇంటికి వచ్చింది. నాతో సరిగ్గా మాట్లాడలేదు. అత్తయ్య కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా కళ్ళజోడు వెతుకుతుంటే, బాల్కనీ ఎండలో నిలబడి పగలబడి నవ్వింది. పైన పది, కింద ఆరు. మధ్యలో బూడిదరంగుది ఒకటి.

ఎవరూ ఫోటో తియ్యలేదు. చూసింది నేనొక్కదాన్నే.

నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది.